ముక్త్యాలనుండి భీమునిపట్టణమునకు నౌకాయానము

(సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



నిరుడు మన యువజనులు కొందఱొక కోరిక వెలిబుచ్చిరి. సంఘమునకు స్వంతముగ నొక మరపడవ యుండవలయును; దానిని ముక్త్యాల రేవున నెక్కి, నీటిదారినే ఉత్తరమునకు సాగి, భీమునిపట్టణమను జాలరుల యూరు చేరి, నాలుగు దినములచ్చట నుండి రావలయును. ఇదియే ఆ కోరిక. దాతలిరువురు ధనసాహాయ్యమునకు వెంటనే సంసిద్ధులైరి. ఈ విషయమున మా యభిప్రాయము సభవారికి విన్నవింపుమని కార్యనిర్వాహకవర్గము వారు మమ్ము కోరినారు. ముప్పదియైదేండ్లు పిల్లలచేత శబ్దమంజరి వల్లెవేయించిన పంతులకు సముద్రముతో నేమి పని యని ఎవరైన నవ్వినచో మాకు కోపము రాదు. మేము కృష్ణ యొడ్డున పుట్టినవారమే గాని పడవ నడిపినవారము కాము. చదివినదియు, నీటిమీద బ్రతుకువారి నడిగి తెలిసికొన్నదియు మాత్రము మనవి చేయుచున్నాము.

మొదట ఈ కోరిక గగనకుసుమము కాదని చెప్పవలసియున్నది. 2008వ సంవత్సరమున భారతప్రభుత్వము కాకినాడనుండి పుదుచ్చేరివఱకు గల కాలువలను, గోదావరిలో భద్రాచలమునుండి రాజమహేంద్రవరమువఱకును, కృష్ణలో వజీరాబాదునుండి విజయవాడవఱకును గల భాగములను జేర్చి, 1,078 కిలోమీటర్ల నిడివిగల నాల్గవ జాతీయ జలమార్గముగ ప్రకటించినది. అందు ముందుగ బాగుచేయదలచిన భాగము మన ముక్త్యాలనుండి విజయవాడవఱకు గల 82 కిలోమీటర్లే. 2017 అక్టోబరు 3వ తేదీన విజయవాడలో ఆ పనికి శంకుస్థాపన జరిగెను. జగ్గయ్యపేట ప్రాంతపు సిమెంటు లారీలు లేకయే నీటిమీద అమరావతికి చేరునని అందఱును తలంచిరి. పని మాత్రము ఆ తలంపునకు తగినట్లు సాగలేదు. అయినను ప్రభుత్వపు పటమున ముక్త్యాల ఒక జలమార్గమునకు మొదలుగా వ్రాయబడియున్నది. మన యూరి పేరు అట్టి స్థానమున నుండుట ఎందఱికి తెలియునో మాకు సందేహమే.

ఇక నదిని గూర్చి. మన పెద్దలెఱిగిన కృష్ణ వేఱు, నేటి కృష్ణ వేఱు. 1955 డిసెంబరు 10వ తేదీన నందికొండకడ నాగార్జునసాగరమునకు పునాదిరాయి పడుటకు ముక్త్యాల రాజావారగు వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు పడిన పాటు లోకవిదితము. ఆ సాగరపు ఎడమకాలువ వలన ఈ మెట్టసీమకు నీరు వచ్చినది. మనలో అనేకుల యిండ్లలో దీపము వెలుగుచున్నది ఆ నీటివలననే. అటుపిమ్మట మనకు కొద్ది యెగువను పులిచింతల జలాశయము లేచెను. దానికి 2013 డిసెంబరులో ప్రారంభోత్సవమైనది. ఈ కట్టడములన్నియు మేలుకొఱకే. కాని పడవవాని కన్నుతో చూచినచో నది ఇప్పుడు వానను బట్టి గాక తలుపులను బట్టి పారుచున్నది. ఉదయము మోకాలిలోతున నడచిన చోట సాయంకాలము మనిషి మునుగవచ్చును. 2021 ఆగస్టు 5వ తేదీన పులిచింతల 16వ గేటు విఱిగి కొట్టుకొనిపోయినప్పుడు దిగువ గ్రామములవారు పొందిన కలవరము మీరెల్లరు నెఱిగినదే. ఆనాడు నదిలో విహారమునకు పోయిన పడవ ఒకటి యుండినచో?

కావున ముక్త్యాల రేవు విడుచువాడు మొదట చేయవలసినది లంగరెత్తుట కాదు. ఎగువను ఎంత నీరు విడుచుచున్నారో ఫోనులో నడిగి తెలిసికొనుట. అటు మాదిపాడునకు బల్లకట్టు నడుపువారు ఈ పని దినదినము చేయుచునే యున్నారు. ఏ మేట ఏ వరదకు కదలినది, ఏ పాయలో ఇప్పుడు లోతున్నది యనునది వారికి కంఠస్థము. నదిని కొలిచి గీసిన పటములు కలవు. ఒక్క వరద వచ్చిపోయినచో ఆ పటము పంచాంగమువలె పాతబడును. వేదాద్రి నరసింహస్వామి సన్నిధిని దాటి, గుడిమెట్ల మీదుగా, మున్నేరు వచ్చి కలియు చోటిని గడచి అమరావతి చేరువఱకు ఈ యిసుకమేటల బాధ తప్పదు. ఆపైని ప్రకాశము బ్యారేజి నిలిపిన నీరు దొరకును. పడవకు ఊపిరి వచ్చును.

అమరావతి కడ ఒక్కమాట. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు చింతపల్లి విడిచి అమరావతిని రాజధానిగ నిర్మించుకొనిరి. జగ్గయ్యపేటకు ఆ పేరు వారి తండ్రిగారి పేర వచ్చినదే. నాడు ఈ తీరమునకు ఆ తీరమునకు నడుమ నది అడ్డుగోడ కాదు, వీథి. నేడు మన బిడ్డలు అమరావతికి పోవలయునన్న విజయవాడ చుట్టి పోవుచున్నారు. ఎదుటనున్న యూరికి నూరుకిలోమీటర్లు తిరుగుట నాగరకత యనిపించుకొన్నది!

ఇబ్రహీంపట్టణమునకు వచ్చితిమి. పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా 2015 సెప్టెంబరులో గోదావరి నీరు కృష్ణను కలిసిన స్థలమిదియే, పవిత్రసంగమమని పేరిడిరి. 2017 నవంబరు 12వ తేదీన, కార్తిక ఆదివారము, హారతి చూడవచ్చిన జనముతో నిండిన పడవ ఇచ్చటనే బోల్తాపడి ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ పడవకు అనుమతి లేదు. పడవకు చాలినన్ని తేలు చొక్కాలు లేవు. జలమార్గమునకు శంకుస్థాపన జరిగి అప్పటికి నలువదిదినములైనది. తుపాను లేదు, వరద లేదు. చీకటి పడుచున్న వేళ, ఎక్కవలసినవారికంటె ఎక్కువమంది ఎక్కిరి. దాతలను మేము వేడుకొనునదేమన, మన పడవలో ఇందఱికి మించి ఎక్కరాదని వ్రాసిన బల్లకు వెండిపూత వేయింపకున్నను సరే, ఆ బల్లను ధిక్కరించి పెద్దమనిషి ఒక్కడైన తన బంధువును అదనముగ ఎక్కింపకుండునట్లు చూడుడు. మన సంఘములో ఇది సులభసాధ్యము కాదని మాకు తెలియును.

విజయవాడ నుండి కాకినాడకు దారి కాలువలది. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. దానికి మూడేండ్ల ముందే ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసినది. ఈ రెండు ఆనకట్టల కాలువలు సేద్యమునకేగాక రాకపోకలకును ఏర్పడినవి. బెజవాడ నుండి వచ్చు ఏలూరుకాలువయు, గోదావరి పడమటి గట్టున విజ్జేశ్వరము నుండి వచ్చు ఏలూరుకాలువయు ఏలూరులో కలియును. కృష్ణాజలములు గోదావరీజలములు మొదట చేతులు కలిపినది పవిత్రసంగమములో కాదు, ఏలూరులో. ఇందఱు ఆ సంగతి మఱచుట చిత్రము. ఏలూరు నుండి తాడేపల్లిగూడెము, నిడదవోలు మీదుగ విజ్జేశ్వరము, అచ్చట గోదావరిని అడ్డముగ దాటి ధవళేశ్వరము, అచ్చటినుండి కాకినాడకాలువ. రైలు బలపడువఱకు ధాన్యము, సున్నము, ఉప్పు, పెండ్లివారు, నాటకసమాజములు అన్నియు ఈ దారినే పోయినవి. గాలి యున్నప్పుడు తెరచాప. లేనప్పుడు గట్టుమీద మనుష్యులు త్రాడు పట్టి లాగువారు.

ఎత్తునుండి పల్లమునకు కాలువ దిగుచోట లాకులుండును. పిల్లలు వినుచున్నారు గనుక లాకు పనిచేయు తీరు చెప్పెదము. రెండు జతల తలుపుల నడుమ రాతితో కట్టిన తొట్టి యది. దిగువనుండి వచ్చిన పడవ తొట్టిలో ప్రవేశింపగనే వెనుకతలుపులు మూయుదురు. ఎగువ తూములు తెఱచినచో నీరు నిండును. నీటితోపాటు పడవయు పైకి లేచును. ఎగువనీటితో సమమైన పిదప ముందుతలుపులు తెఱతురు. ఎద్దు లేదు, యంత్రము లేదు. నీరే పడవను మెట్టెక్కించును.

ఆ లాకులిప్పుడు చాలచోట్ల తుప్పుపట్టి కదలవు. క్రొత్తవంతెనలు పడవ దూరలేనంత తక్కువ యెత్తున కట్టబడినవి. గుఱ్ఱపుడెక్క కమ్ముకొన్నది. పట్టణపు మురుగంతయు విజయవాడలోనే కాలువలో కలియుచున్నది. నీరు గోదావరినుండి కృష్ణకు వచ్చుచున్నది గాని పడవ కృష్ణనుండి గోదావరికి పోలేదు. కావున యువజనుల కోరికలో ఒక భాగము నేటికి సాధ్యము కాదు. ముక్త్యాల పడవ విజయవాడలో ఆగవలసినదే. అచ్చటినుండి కాకినాడకు రైలు. లాకులు బాగుచేయింపుడని మహజరు పంపుట మన సంఘము చేయదగిన పని. గోదావరీతీరమునందలి సంఘములును కలిసివచ్చునేమో విచారింపవలయును.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి. కాలువలన్నియు బాగుపడినను ముక్త్యాల పడవ సముద్రమున కెక్కరాదు. నదికి కాలువకు తగిన పడవ అడుగు చదునుగ నుండును. లోతుతక్కువ నీటిలో అదే దాని గుణము. సముద్రపు టలమీద ఆ గుణమే దోషమగును. 2021లో వచ్చిన అంతర్దేశ నౌకాచట్టము క్రింద నమోదైన పడవకు నదులు, కాలువలు హద్దు. సముద్రయానమునకు వేఱు చట్టము, వేఱు పరీక్షలు. ఒకే పడవతో రెండు నీళ్ళు దాటుదమనుట, ఒకే బండితో దుక్కియు దున్ని పెండ్లికిని పోవుదమనుట వంటిది. కాకినాడలో తగిన సముద్రపు పడవను, దానితోపాటు దాని సరంగును బాడుగకు మాట్లాడుకొనుట మంచిది.

కాకినాడ రేవునకు ఎదుట హోపుదీవి గోడవలె నిలిచి అలలను ఆపును. ఆ దీవి దాటి, ఉప్పాడ తీరమును ఎడమచేతనుంచుకొని ఈశాన్యమునకు తిరిగినచో భీమునిపట్టణము సుమారు 160 కిలోమీటర్లు. గంటకు పదునొకండు కిలోమీటర్లు పోవు పడవకు పదునాలుగు పదునైదు గంటల దారి. సాయంకాలము బయలుదేరినచో మఱునాటి యుదయమునకు చేరవచ్చును. ఉదయము చేరుటయే మేలని అందఱును చెప్పిరి. పగలు ముదిరినకొలది గాలిపాటు హెచ్చి తీరమునందు అల పెరుగును.

ఋతువు విషయమున మన శాస్త్రులవారి ముహూర్తముకంటె సముద్రపు ముహూర్తము గట్టిది. ఆశ్వయుజమునుండి మార్గశిరమువఱకు తుపానుల కాలము. 1839 నవంబరులో కోరంగిని ముంచినదియు, 1977 నవంబరులో దివిసీమను తుడిచినదియు, 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును వణకించిన హుద్‌హుదును ఆ నెలలలో వచ్చినవే. ఆ కాలమున తీరము వెంబడి ప్రవాహము కూడ ఉత్తరమునుండి దక్షిణమునకు పోవును, ఎదురీత. మాఘఫాల్గుణములకు ఆ ప్రవాహము దిశ మార్చుకొని ఉత్తరమునకు సాగును. గాలియు క్రమముగ దక్షిణపుగాలి యగును. ఇక ఏప్రిలు 15 నుండి జూను 14 వఱకు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని తూర్పుతీరమున మరపడవల వేట అఱువదియొక్క దినములు నిషిద్ధము. ఆ దినములలో పోయినచో జాలరుల యూరు కనబడును గాని జాలరుల పని కనబడదు. ఆదాయము లేని దినములలో అతిథిగ పోవుట మర్యాదయు కాదు. ఫాల్గుణమే తగినది.

రాత్రిపూట ఆ దారిలో భయము రాళ్ళది కాదు, వలలది. చీకటిలో మైళ్ళకొలది పొడవున వలలు పఱచియుండును. వాటికి గుఱుతు చిన్న దీపము, లేదా తేలు డబ్బా. మరపడవ చక్రమునకు వల చుట్టుకొన్నచో మన యాత్ర ఆగును. అచ్చట ఒక కుటుంబపు వేయిరూకలు, పదివేల రూకలు తెగిపోవును. విశాఖపట్టణము ముందు పెద్దఓడలు లంగరువేసికొని యుండును. నౌకాదళమువారి హద్దులు వేఱు. ఇవి అన్నియు తెలిసినవాడు చుక్కానికడ నుండవలయును. డాల్ఫిను ముక్కుకొండ దీపము కనబడినదని సంతోషించుటకు మనము చాలుదుము. అటుపై ఏమి చేయవలయునో అతడు చెప్పవలయును.

ఇంతకును భీమునిపట్టణము చేరితిమి. చేరితిమా? అచ్చట ఓడ వచ్చి ఆనుకొను రేవుగోడ లేదు. గోస్తనీనది సముద్రమున కలియు చోట ఇసుకతిన్నె అడ్డుపడియుండును. దాని దారి ఏడాదికొక తీరున మాఱును. డచ్చివారు పదునేడవ శతాబ్దిలో అచ్చట కోట కట్టుకొని వర్తకము చేసిన దినములలోను, 1825లో ఆ స్థలము ఆంగ్లేయులకు చిక్కిన పిదపను, ఓడలు దూరమున లంగరువేయుటయే. సరకును మనుష్యులను ఒడ్డునకు చేర్చినది మసూలాపడవ. ఆ పడవకు ఇనుపమేకు ఒక్కటియు ఉండదు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు.

ఇచ్చట మా శాస్త్రజ్ఞానము కొంచెము వినియోగమునకు వచ్చినది. భోజుని పేర ప్రసిద్ధమైన యుక్తికల్పతరువను గ్రంథమున నౌకాలక్షణములు కలవు. సముద్రపు నావల పలకలను ఇనుముతో బిగింపరాదని అందు నిషేధము. కారణము సముద్రమందలి అయస్కాంతశిలలు ఇనుమును లాగునట! పూర్వము ఈ వాక్యము చదివినప్పుడెల్ల మాకు ఆశ్చర్యము కలుగుచుండెడిది. ఉత్తరతీరపు జాలరి వృద్ధునొకని మేమడిగితిమి. అతడు నవ్వి, మేకు కొట్టిన పడవ బిఱుసుగ నుండును, అల విసరి ఇసుకమీద కొట్టినచో పగులును. కుట్టిన పడవ అలతోపాటు వంగి మరల సర్దుకొనును, అంతేకదా బాబూ, అనెను. నిషేధము శాస్త్రమున నిలిచినది, కారణము మాత్రము జాలరికడ మిగిలినది. మేము జాలరి పక్షముననే యున్నాము. నేడు నారపడవలు పోయి ఫైబరుపడవలు వచ్చినవి. అయినను అలలను లెక్కించి, పెద్దఅల వెనుక వచ్చు సందు చూచి, పడవను ఒడ్డుకు త్రోయు నేర్పు మాఱలేదు. మన యాత్రలో చివరి రెండువందల గజములు మనలను దాటించువాడు వాడే.

భీమిలిలో చూడదగినవి కొన్ని కలవు. డచ్చివారి సమాధులు, దీపస్తంభము అట్టివి; 1861లో ఏర్పడిన అచ్చటి పురపాలకసంఘము దేశమున మిక్కిలి ప్రాచీనమైన వానిలో నొకటిగ నుండెను. మన జగ్గయ్యపేట కొండమీది స్తూపమును, అందలి యిక్ష్వాకు వీరపురుషదత్తుని యిరువదియవ ఏటి శాసనమును ఎఱిగినవారికి అచ్చటి పావురాలకొండ మీది బౌద్ధవిహారపు శిథిలములు చుట్టమువలె కనబడును. నదీతీరపు భిక్షువులును సముద్రతీరపు భిక్షువులును వర్తకుల దారినే నడచిరి. వీనిని గూర్చి ఎక్కువ చెప్పము; చూచినవారే చెప్పుకొందురు.

ఇక చెప్పవలసినది ఆ జాలరులను గూర్చి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరుకడ 77 మందితో పోవుచున్న విహారపు పడవ వరదలో మునిగినది. యంత్రములు, బృందములు ఎన్నియో వచ్చినవి. అక్టోబరు 22న ఆ పడవను నదీగర్భమునుండి వెలికి తీసినది కాకినాడవాసియగు ధర్మాడి సత్యముగారి బృందము. త్రాళ్ళు, లంగరులు, నీటి నడక తెలిసిన కన్ను వారి సాధనములు. పడవ మునిగిన పిమ్మట పిలువబడిన విద్య అది. బయలుదేరుటకు ముందే పిలువవలసిన విద్య కూడ అదే.

మనము సేద్యగాండ్రము; ధనమున్నది; పడవ రేపే కొనగలము. మన సభలలో వేదికమీద న్యాయవాదులు, వైద్యులు, కంట్రాక్టరులు కూర్చుందురు. ఇన్నేండ్లలో బల్లకట్టు సరంగు ఒక్కడును మనకు ఉపన్యాసమిచ్చినవాడు కాడు. కులసంఘ సభకు ఇతరులనెట్లు పిలుతుమని అడుగువారుందురు. మంత్రులను పిలిచినప్పుడు వారి కులమును మనము అడుగలేదుగదా!

మా ప్రార్థన యిది. దాతలు ప్రకటించిన ధనములో ఒక భాగముతో మన పిల్లలు నలుగురిని రెండుమాసములు మాదిపాడు రేవున సరంగులకడ పనికి పెట్టుడు. సరంగులకు గురుదక్షిణ రొక్కముగ నిండు. తేలు చొక్కాలు పడవకంటె ముందు కొనుడు. మొదటి ప్రయాణము ముక్త్యాలనుండి అమరావతివఱకే, పగటిపూట, నీటివిడుదల తెలిసికొన్న పిదప. అది రెండుమూడు మార్లు క్షేమముగ సాగినచో వచ్చు ఫాల్గుణమున కాకినాడకు రైలులో పోయి, అచ్చటి సరంగుతో భీమిలికి. పోవుటకు ముందు భీమిలి జాలరిపేట పెద్దలకు ఒక ఉత్తరము వ్రాయవలయును, మేము వ్రాసెదము. వారు రమ్మన్నచో పోవుదము.

పడవకు పేరు పెట్టుటను గూర్చి ఇప్పటికే తొమ్మిది ఉత్తరములు మాకు చేరినవి. అందు ఆఱు దాతల పితామహుల పేరులు. పడవ వచ్చిన పిదప ఆ సంగతి చూచుకొందము.